అరకు గిరిజన రైతుల కాఫీ మన ఫిల్టర్‌లో ఎలా దిగుతుంది

నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో కాఫీ అంటే ఎక్కువగా ఎనభై-ఇరవై. ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ, అంటే వేయించిన ఒక వేరు పొడి. దుకాణంలో నల్లగా వేయించి కళ్లముందే పట్టించిన పొడి, స్టీలు ఫిల్టర్, చిక్కటి పాలు, డబరా గ్లాసు. ఆ అలవాటు చేతితోనే అరకు గిరిజన రైతుల సంఘం గింజలు తెచ్చి, అదే చెంచా కొలతతో కలిపితే మొదటి గుక్కకే మొహం చిట్లిస్తారు. డికాక్షన్ పలచన, రంగు చాలదు, పాలల్లో కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇంత డబ్బు పోసింది దీనికా అనిపిస్తుంది. గింజ మాత్రం మంచిదే. నీళ్లు, పొడి కొలత, పాలు, ఈ మూడూ మార్చుకున్న ఇంట్లో ఇది రోజూ తాగే కాఫీని తేలిగ్గా మించిపోతుంది. మార్చుకునే ఓపిక లేకపోతే ఈ ఖర్చు పెట్టకండి.

ఇక్కడ చూస్తున్నది చికోరీ కలవని, నూటికి నూరు పాళ్ల అరబికా (సున్నితమైన రుచి ఉండే కాఫీ రకం), కడిగి ఆరబెట్టిన రకం, మీడియం రోస్ట్, 250 గ్రాముల గింజల ప్యాక్. పంట అల్లూరి సీతారామరాజు జిల్లాది. పాడేరు, అరకులోయ, చింతపల్లి చుట్టుపక్కల ఏజెన్సీ మండలాల్లో, సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరుగుతుంది. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకి ఉంటాయి. పండించేవి ఎకరం, రెండెకరాల గిరిజన కుటుంబాలు.

పంట బయటికొచ్చే దారులు ముఖ్యంగా మూడు. ఒకటి 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది. రెండోది, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రైతులే సభ్యులుగా పెట్టుకున్న సంఘాలు. వీటిలో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో ఎదిగిన సంఘం పేరు ఎక్కువ వినిపిస్తుంది. ఆ రైతుల కాఫీకి 2017లో ప్యారిస్‌లో దుకాణమే తెరిచారు. మూడోది ప్రైవేటు వ్యాపారులు. 'అరకు' అన్న మాట ముగ్గురి ప్యాకుల మీదా ఉంటుంది కాబట్టి ఆ మాట చూసి కొనకండి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో వచ్చిన జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా అంతే. గింజ ఏ గడ్డ మీద పండిందో చెబుతుంది, ఎలా కోశారో, ఎలా ఆరబెట్టారో చెప్పదు.

రుచిని తేల్చేది ఆ కోత, ఆరబెట్టడమే. కాఫీ చెట్టు మీద పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు. నవంబరు నుంచి ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లి, పండినవి మాత్రమే కోయాలి. పండుకూ పచ్చికాయకూ ఒకే ధర కడితే రైతు కొమ్మంతా దూసేస్తాడు. అతణ్ణి అనేందుకు ఏమీ లేదు, కూలి గిట్టాలి కదా. పండుకు ఎక్కువ ధర కట్టే సంఘం ఉన్నప్పుడే ఏరి కోయడం గిట్టుబాటవుతుంది. కోసిన పండును ఆ రోజే పల్పర్‌లో వేసి తోలు తీయాలి. రాత్రంతా బస్తాలో ఉండిపోతే పండు లోపలే మగ్గి పులుస్తుంది, ఆ వాసన తర్వాత ఎంత వేయించినా పోదు. తోలు తీశాక గింజ మీద జిగురు మిగులుతుంది. దాన్ని తొట్టిలో పులియబెట్టి కడుగుతారు. డిసెంబరులో ఏజెన్సీ చలికి పులియడం బాగా నెమ్మదిస్తుంది. అందుకని గంటలు లెక్కపెడితే చాలదు. గింజను గుప్పిట్లో రుద్దినప్పుడు జారిపోకుండా గరగరలాడిందంటే కడగడానికి సిద్ధమైనట్టు. ముందే కడిగితే జిగురు మిగిలి బూజు పడుతుంది, ఆలస్యమైతే వెనిగర్ పులుపు పడుతుంది.

ఆరబెట్టేటప్పుడు నేలమీద పోస్తే మట్టి వాసన పట్టేస్తుంది. ఎత్తు బల్లల మీద వల పరిచి, పలచగా పోసి, కలియదిప్పుతూ ఉంటే తేమ 10, 11 శాతానికి అన్ని గింజల్లోనూ ఒకేలా దిగుతుంది. ఇంటికో చిన్న పల్పర్, ఇంటికో తొట్టి అయితే వంద ఇళ్ల కాఫీ వంద రకాలుగా వస్తుంది. అందరి పండూ ఒకచోట చేర్చి, ఒకే పద్ధతిలో కడిగి ఆరబెట్టే యూనిట్ ఉన్న సంఘం గింజల్లో ఈ వారం కప్పుకూ వచ్చే వారం కప్పుకూ తేడా ఉండదు. మన డబ్బులో ఎక్కువ భాగం కొంటున్నది ఈ నిలకడనే. ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. సుమారు ఆరు కిలోల పండుకు కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే మరో 15 నుంచి 18 శాతం తరుగు పోతుంది. అంటే చేతిలోని 250 గ్రాముల ప్యాక్ వెనక, ఒక్కొక్కటిగా ఏరి కోసిన పండు పావుతక్కువ రెండు కిలోలు ఉంది.

ప్యాక్ మీద మొదట వెతకాల్సింది వేయించిన తేదీ. ప్యాక్ చేసిన తేదీ, ఫలానా నెలలోపు వాడాలి అన్న తేదీ దానికి బదులు కావు. వేయించిన వారం రోజుల దాకా గింజలో గ్యాస్ ఎక్కువ ఉంటుంది. అప్పుడే ఫిల్టర్‌లో వేస్తే పొడి బుడగలతో పైకి లేచి, నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. ఏడో రోజు నుంచి ముప్పయ్యో రోజు దాకా మంచి కాలం. రెండు నెలలు దాటిన ప్యాక్ పాడైనట్టు కాదు గానీ, దానికి ఈ ధర పెట్టడం దండగ. తర్వాత చూడాల్సింది గింజను శుద్ధి చేసిన తీరు: కడిగినదా, పండుతో పాటే ఎండబెట్టినదా. రెండో రకంలో పండు వాసన గాఢంగా ఉంటుంది, పాలల్లో అది పులిసినట్టు అనిపిస్తుంది. పాల కాఫీకి కడిగినదే తీసుకోండి. 'పీబెర్రీ' అని ఎక్కువ ధర అడిగితే, పండులో రెండు గింజలకు బదులు గుండ్రంగా ఒక్కటే వచ్చిన రకం అని అర్థం. వేగడం సమానంగా వేగుతుంది, రుచి పెద్దగా మారదు.

పొడి రూపంలో 'ఫిల్టర్ కాఫీ' అని దొరికే అరకు ప్యాకుల వెనక వైపు తప్పకుండా చదవండి. కాఫీ-చికోరీ మిశ్రమం అమ్మాలంటే అందులో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంత కలిపారో ప్యాక్ మీద రాయాలి. అది ఆహార భద్రతా నియమం. ముందు వైపు పచ్చటి కొండల బొమ్మ పెద్దగా, వెనక 'చికోరీ 40 శాతం' చిన్నగా ఉన్న ప్యాక్ మంచి కాఫీ కావాలనుకునేవాళ్లకు పనికిరాదు. అనుమానం ఉంటే గ్లాసు చల్లటి నీళ్ల మీద చిటికెడు పొడి చల్లండి. కాఫీ పొడి చాలాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే అడుక్కి దిగుతూ గోధుమ రంగు చారలు వదులుతుంది.

ప్యాక్ తెరిచాక గింజల్ని తెల్ల పళ్లెంలో పోసి రెండు నిమిషాలు చూడండి. అన్నిటి మధ్యా పాలిపోయి, లేత గోధుమ రంగులో మిగిలినవి ఉంటే, అవి పచ్చికాయలుగానే కోసిన పండ్లవి. లోపల చక్కెర లేక వేగలేదు. కొరికి చూస్తే పల్లీ పొట్టు రుచి. నాలుగైదు ఉన్నా గ్లాసు రుచిని చప్పబరుస్తాయి, ఏరి పారేయాలి. మేలిరకం కాఫీకి పెట్టుకున్న 'స్పెషాల్టీ' కొలమానంలో వేయించిన 100 గ్రాముల మచ్చులో ఇలాంటిది ఒక్కటి కూడా ఉండకూడదు. కాబట్టి 'స్పెషాల్టీ' అని రాసిన ప్యాక్‌లో పదీ పదిహేను కనబడితే అమ్మినవాళ్లకు ఫొటో పంపి అడగండి. అడిగితేనే కోత దగ్గర ఏరే పని పెరుగుతుంది. గింజల మీద నూనె కారుతుంటే మీడియం రోస్ట్ అని రాసినా నమ్మకండి, అది బాగా ముదర వేయించినది. సంఘం అంత శ్రమపడి నిలబెట్టిన రుచి అక్కడే మాడిపోయింది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఈ కాఫీ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. కడిగి ఆరబెట్టిన అరబికాకు ఉన్న ముఖ్యమైన గుణం లేత పులుపు. పొదలకూరు నిమ్మకాయ పులుపు అనుకునేరు, అంత ఉండదు. బత్తాయి తొన దగ్గర ఆగే తీపి పులుపు ఇది. దాని కింద తాటిబెల్లం తీపి, చివర్లో కోకో చేదు. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు ఈ పులుపును పూర్తిగా చంపేస్తాయి. వాటిలో ఉండే బైకార్బొనేట్ కాఫీలోని ఆమ్లాలను విరిచేస్తుంది. మిగిలేది సుద్ద కలిపినట్టుండే చేదు. సముద్రం ఒడ్డు ఊళ్ల ఉప్పు బోర్లయితే చెప్పే పనే లేదు. నల్లగా వేయించిన రోబస్టా (చేదు గట్టిగా ఉండే మరో కాఫీ రకం), చికోరీ పొడిలో ఈ లోపం తెలియదు, ఎందుకంటే అందులో చంపడానికి పులుపే లేదు.

దీనికి విరుగుడు అని అందరూ ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్ వాడతారు. అది రెండో చివర. క్యాన్ నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయన్న లెక్క, చాలాచోట్ల 30, 50 దగ్గర ఉంటుంది. ఖనిజాలు లేని నీళ్లలో కాఫీ పలచగా, పులుపు మాత్రం పదునుగా, నాలుకను కోసినట్టు దిగుతుంది. కాఫీకి టీడీఎస్ 100 నుంచి 200 మధ్య హాయిగా ఉంటుంది. చవక టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుంటే ఊహలతో పని ఉండదు. నెల్లూరులో పెన్న నీళ్లు, ఒంగోలులో సమ్మర్ స్టోరేజి చెరువుల నుంచి కుళాయికి వచ్చే సాగర్ కాలువ నీళ్లు వడకట్టి, కాచి, చల్లార్చి, తేరిన పైనీళ్లు తీసుకుని మీటర్ పెట్టి చూడండి. 200 లోపుంటే అవే వాడొచ్చు. 300 దాటితే ఒక పాలు ఆ నీళ్లకు రెండు, మూడు పాళ్లు క్యాన్ నీళ్లు కలపాలి. కుళాయిలో క్లోరిన్ వాసన ఉంటే మూత లేకుండా కాస్తే చాలావరకు పోతుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు మాత్రం ఈ కలిపే పద్ధతి వద్దు. అక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పైగా అలాంటి నీళ్లలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువ ఉంటుంది. అది కాచి తేర్చినా దిగదు. కాబట్టి ఆ ఊళ్లలో కాఫీకైనా, తాగడానికైనా ఆర్వో నీళ్లే. కాఫీ పలచన తగ్గాలంటే ఇరవై లీటర్ల క్యాన్‌కు వంటసోడా ఒకటింబావు గ్రాము, అంటే చదునుగా గీసిన పావు టీస్పూను, తినడానికి పనికొచ్చే గ్రేడు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) నాలుగు గ్రాములు కలిపి ఆ నీళ్లను కాఫీకి మాత్రమే వాడండి. ఎరువుల కొట్లో దొరికే మెగ్నీషియం సల్ఫేట్ పైకి అలాగే ఉంటుంది. అది పైరుకు, కాఫీలో వేయకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ ఉప్పులు కలపకుండా ఉత్త ఆర్వో నీళ్లతోనే చేసుకోవాలి.

ఫిల్టర్ దగ్గరికొద్దాం. చికోరీ రెండు పనులు చేస్తుంది. నీళ్లు తాగి ఉబ్బి, చుక్కలు పడే వేగం తగ్గిస్తుంది. కాఫీ కంటే చాలా ఎక్కువగా నీళ్లలో కరిగి, డికాక్షన్‌కు చిక్కదనం, నలుపు ఇస్తుంది. చికోరీ లేని పొడితో ఈ రెండూ పోతాయి. అందుకే అదే కొలత వేస్తే నీళ్లలా పది నిమిషాల్లో జారిపోతుంది. ఇద్దరికి రెండు గ్లాసులు రావాలంటే పొడి 30 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు. పొడి దాదాపు 60 మిల్లీలీటర్లు పట్టేసుకుంటుంది, కిందికి 90 దాకా దిగుతుంది. తూకం లేకుండా చెంచాలతో కొలిస్తే ఒకసారి 22, ఒకసారి 35 పడుతుంది. వంటింటి తూకం ఒకటి కొనండి, ఈ కాఫీకి అది ఫిల్టర్ అంత ముఖ్యం.

ముందు ఫిల్టర్ రెండు గిన్నెల్నీ వేడినీళ్లతో తొలవండి. పలచటి స్టీలు మొదటి నీళ్ల వేడినంతా లాగేసుకుంటుంది, దాంతో డికాక్షన్ పచ్చివాసన వేస్తుంది. పొడి వేసి పక్కకు తట్టి చదును చేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్లను పైన ఊరికే ఆనించండి. చికోరీ పొడికి నొక్కినట్టు నొక్కితే మధ్యలో బిగుసుకుని, అంచుల నుంచి నీళ్లు దారి చేసుకుంటాయి. నీళ్లు తెర్లాక పొయ్యి దించి అరనిమిషం ఆగండి. మొదట 50 మిల్లీలీటర్లు గుండ్రంగా పోసి ఒక నిమిషం వదిలేయండి. పొడి తడిసి, గ్యాస్ వెళ్లి, కుదురుకుంటుంది. తర్వాత మిగతా 100 పోసి మూత పెట్టండి. పదిహేను నుంచి ఇరవై నిమిషాల్లో పూర్తిగా దిగితే మర ఆడించిన తీరు సరిపోయినట్టు. ఏడెనిమిది నిమిషాల్లోనే అయిపోతే పొడి బరక, ఇంకాస్త మెత్తగా పట్టించాలి. అరగంటైనా సగం పైనే ఉంటే మెత్తన ఎక్కువైంది.

చుక్క అసలు పడకపోతే వెంటనే పొడిని నిందించకండి. కింది గిన్నె మూతి, పై గిన్నె బిగుసుకుని లోపలి గాలి బయటికి పోక ఆగి ఉండొచ్చు. పై గిన్నెను కొద్దిగా ఎత్తి మళ్లీ పెట్టండి, కదులుతుంది. అయినా పడకపోతే చిల్లులు మూసుకున్నాయి. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూస్తే ఎన్ని చిల్లులు కనబడటం లేదో తెలిసిపోతుంది. పాత కాఫీ నూనె, మెత్తటి పొడి కలిసి గట్టిపడి ఉంటాయి. వేడినీళ్లలో చెంచాడు వంటసోడా వేసి అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో వెనక వైపు నుంచి తోమితే వదులుతాయి. ఆ పాత నూనె ముక్క వాసన ఈ కాఫీలో తేలిగ్గా బయటపడుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి ఇది చేయాల్సిందే. ఇత్తడి ఫిల్టర్ వాడేవాళ్లు లోపల కళాయి చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకోండి. కళాయి పోయిన ఇత్తడిలో కాఫీ ఆమ్లం తగిలితే లోహపు చిలుము రుచి దిగుతుంది, అది ఆరోగ్యానికీ మంచిది కాదు.

డికాక్షన్‌ను మళ్లీ వేడి చేయొద్దు. పొద్దున తీసి సాయంత్రానికి దాచే అలవాటు చికోరీ పొడితో చెల్లుతుంది, దీనితో చెల్లదు. రెండు మూడు గంటల్లో తీపి పోయి పుల్లగా మారుతుంది. రెండో డికాక్షన్ కూడా వద్దు. మొదటిసారే దిగాల్సింది దిగిపోయింది, రెండోసారి వచ్చేది చేదే.

పాల విషయంలో మన ప్రాంతపు గొప్ప అలవాటే అడ్డం వస్తుంది. గేదె పాలల్లో వెన్న ఆరు శాతం పైమాటే. ఆ వెన్న నాలుక మీద పరుచుకుని, కాఫీ వాసనను తనలో కలిపేసుకుంటుంది. గట్టి రోబస్టా దాన్ని చీల్చుకుని వస్తుంది గానీ ఈ అరబికాకు ఆ బలం లేదు. వెన్న 3 శాతం ఉండే టోన్డ్ పాలు దీనికి సరిగ్గా కుదురుతాయి. పాడి గేదె పాలే వాడే ఇంట్లో నాలుగు పాళ్ల పాలకు ఒక పాలు నీళ్లు కలపండి. గ్లాసుకు 45 మిల్లీలీటర్ల డికాక్షన్, 90 నుంచి 100 మిల్లీలీటర్ల పాలు. పాలు మొదటి పొంగులోనే దించినవి కావాలి. పొద్దుటి నుంచి నాలుగుసార్లు కాగిన పాల మీగడ వాసన ముందు ఏ మంచి కాఫీ నిలవదు. పంచదార అరచెంచా చాలు. రెండు చెంచాలు వేస్తే బత్తాయి పులుపు, బెల్లం తీపి వెతికినా దొరకవు.

ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది: పాలు విరగడం. కాఫీ చెడిపోయిందనుకుని ప్యాక్ తిరిగిచ్చేవాళ్లు ఉన్నారు. కాఫీ పీహెచ్ సుమారు 5 ఉంటుంది, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ 4.6 దగ్గర విరుగుతుంది. తాజా పాలకు ఈ తేడా సరిపోతుంది. మే నెలలో మూడు గంటలు బయట ఉన్న పాలు అప్పటికే పులుపెక్కి ఉంటాయి, కంటికి తెలియదు. వాటికి లేతగా వేయించిన అరబికా డికాక్షన్ తగిలితే వేడికి అక్కడికక్కడే ముక్కలవుతాయి. బెల్లం వేస్తే ఇంకా తొందరగా. పాలు రాగానే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. కలిపేటప్పుడు గ్లాసులో డికాక్షన్ ఉంచి, వేడి పాలు సన్నటి ధారగా పోయాలి.

పాలు లేకుండా తాగితే ఈ కాఫీ పూర్తిగా విచ్చుకుంటుంది, అది ఒప్పుకోవాలి. సరంజామా ఏమీ అక్కర్లేదు. 15 గ్రాముల బరక పొడి, బొంబాయి రవ్వ అంత. ఉతికి, గంజి లేకుండా ఆరేసిన మల్లు గుడ్డ చిన్న జల్లెడలో పరిచి వేడినీళ్లతో ఒకసారి తడపండి. 240 మిల్లీలీటర్ల నీళ్లు: మొదట 40 పోసి అరనిమిషం ఆగి, మిగతా 200 రెండు మూడు విడతలుగా. మొత్తం మూడు నిమిషాలు. పుల్లగా, పలచగా ఉంటే పొడి ఇంకాస్త మెత్తగా చేయండి. నోరు ఎండినట్టు వగరుగా ఉంటే బరక చేయండి. కొంచెం చల్లారాక తాగండి, తాటిబెల్లం వాసన అప్పుడే పైకి వస్తుంది. నెల్లూరు కారం దోశ తిన్న నోటితో మాత్రం వద్దు, ఆ వెల్లుల్లి కారం తర్వాత ఇది వేడినీళ్లే. టిఫిన్‌తో పాల కాఫీ, పదకొండింటికి నల్ల కాఫీ, ఇలా పెట్టుకుంటే రెండిటికీ న్యాయం జరుగుతుంది. మలై కాజా పక్కన కూడా దీన్ని పెట్టొద్దు, ఆ తీపి ముందు కాఫీ మరీ పుల్లగా తోస్తుంది.

పొడి పట్టించడం దగ్గర ఒక జాగ్రత్త. కాఫీ పొడి దుకాణంలో ఇస్తే ఆ మరలో ముందు వాళ్ల చికోరీ, నల్ల రోబస్టా మిగిలి ఉంటుంది. గుప్పెడు మీ గింజలు ముందు ఆడించి ఆ పొడి పారేయమని అడగండి. గింజలు పోతాయని బాధగా ఉన్నా ఆ గుప్పెడు పోవాల్సిందే. ఇంట్లో మిక్సీ అయితే చిన్న జార్‌లో 40 గ్రాములకు మించకుండా, మూడు సెకన్లు తిప్పి ఆపుతూ, జార్ ఊపుతూ ఏడెనిమిదిసార్లు. ఆపకుండా తిప్పితే వేడెక్కి వాసన ముందే పోతుంది. కారప్పొడి, వెల్లుల్లి ఆడిన జార్ వాడకండి. వేరే లేకపోతే ముందు గుప్పెడు బియ్యం ఆడించి పారేసి, తుడిచి, అప్పుడు కాఫీ వేయండి. కాఫీ కోసమే చేతిమర ఒకటి కొనుక్కోగలిగితే ఈ తలనొప్పి ఉండదు.

నెల్లూరు గాలిలో తేమకు తెరిచిపెట్టిన పొడి నాలుగు రోజుల్లో గడ్డకట్టి చప్పబడుతుంది. గింజలుగా ఉంచుకుని వారానికి సరిపడా మాత్రమే ఆడించండి. ప్యాక్‌లో గాలి నొక్కేసి, మూతి మడిచి, బిగుతు డబ్బాలో, పొయ్యికి దూరంగా. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది, పక్కనున్న ఇంగువ, పచ్చడి వాసన పీల్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ తెప్పిస్తే వచ్చిన రోజే తీసుకోండి, ఎండకు కాగే గదిలో రెండు రోజులు పడి ఉన్న ప్యాక్ రెండు వారాల వయసు పెరిగినట్టే.

ఖర్చు లెక్క తేలిక. గ్లాసుకు 15 గ్రాములు కాబట్టి 250 గ్రాములకు పదహారు గ్లాసులు. ప్యాక్ ధరను పదహారుతో భాగించి, పాల ఖర్చు కలిపి చూడండి. హోటల్ కాఫీ ధరతో పోలిస్తే చాలా ప్యాకులు నిలబడతాయి, ఇంట్లో ఎనభై-ఇరవైతో పోలిస్తే నిలబడవు. రోజూ ఆరేడుగురు రెండు పూటలా తాగే ఇల్లయితే పెద్దవాళ్లకు వాళ్ల పొడి ఉంచి, దీన్ని ఇద్దరు ముగ్గురికి పరిమితం చేయడం మంచిది. ఇందులో చికోరీ కలుపుకుంటాం అనేవాళ్లు ఇది కొననే వద్దు. పది శాతం చికోరీకే బత్తాయి వాసన మాయమవుతుంది. ఆ పని కోసం తక్కువ ధర ప్లాంటేషన్ గింజలు ఊళ్లోనే దొరుకుతాయి.

సంఘాలు మార్చుకోవాల్సినవీ ఉన్నాయి. మన భాషలో రాసిన సూచనలు చాలా ప్యాకుల మీద ఉండవు. ఉన్నవి కూడా ఫ్రెంచ్ ప్రెస్, వీ60 లాంటి విదేశీ కాఫీ సరంజామా గురించే. ఈ కాఫీ పుట్టిన రాష్ట్రంలో ఎక్కువ ఇళ్లలో ఉన్నది స్టీలు ఫిల్టర్. దానికి తగ్గట్టు కాస్త ముదర వేయించిన రకం ఒకటి, చికోరీ లేకుండా, ఫిల్టర్ మర కొలతతో ఇస్తే నెల్లూరు, ఒంగోలులో కొనేవాళ్లు తప్పకుండా పెరుగుతారు. రైతుకు కిలో పండుకు ఎంత కట్టారో ప్యాక్ మీద రాస్తే ఇంకా మంచిది. ధర ఎందుకు ఎక్కువో కొనేవాడికి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది.

ఎప్పుడు కొనాలి అంటే, కోత నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఆరి, పైపొర ఒలిచి, గ్రేడు కట్టి, వేయించి కొత్త పంట మన చేతికి వచ్చేసరికి దాదాపు వేసవి. అప్పటి నుంచి దసరా దాకా తాజాదనం బాగుంటుంది. డిసెంబరు, జనవరిలో దొరికేది చాలావరకు కిందటేడు పంటే. నిన్న వేయించినా పచ్చి గింజ అప్పటికే ఏడాది పాతది, కప్పులో ఎండుకట్టె వాసన తగులుతుంది. ఆ నెలల్లో కొనేటప్పుడు వేయించిన తేదీతో పాటు ఏ ఏడాది కోతో కూడా అడగండి. చెప్పలేకపోతే 250 గ్రాములు చాలు, కిలో తీసుకోకండి.